రక్తం కాదది, చాక్లెట్

మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక కాఫీ కలిపేది నేను. ఈ దేశం వచ్చి ప్లెయిన్స్‌బరోలో దిగినప్పటినుంచీ నేనే. నాకు ఫార్మా కంపెనీలో ఉద్యోగం ఉందని అక్కడ సగంమందికి తెలియదు. కాఫీలో పంచదార ఎక్కువైతే మాత్రం అందరికీ తెలుస్తుంది.

అందుకే సండే స్కూల్ పిల్లల్ని పక్క ఊళ్లోని యూనివర్సిటీ మ్యూజియంకి తీసుకెళ్దామన్నప్పుడు, ప్రాచీన మాయా నాగరికత గది నేను చూపిస్తానని పాస్టరమ్మగారిని నోరు తెరిచి అడిగాను. ఆవిడ సరేనన్నారు. ఆ గుంపులో నా పన్నెండేళ్ల కూతురు ఉంది. నలుగురి ముందు నేను మాట్లాడుతుండగా అది ఒక్కసారైనా చూడాలని నా కోరిక. లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని, అన్నం తింటూ కూడా చదివాను.

తీరా ఆ శనివారం వెళ్లేసరికి, సండే స్కూల్ నడిపే బ్రదర్ పిల్లల్ని అప్పటికే వరసలో నిలబెట్టేశాడు. ఆయన వేసవిలో మాయా వాళ్ల గడ్డ మీదున్న కాన్‌కూన్ బీచికి వెళ్లొచ్చాడు. వారమంతా హోటల్లో తిని, ఒక్క పూట బస్సులో వెళ్లి పిరమిడ్ ముందు సెల్ఫీ దిగాడు. ఇక మాయా వాళ్ల గురించి ఆయన చెప్పిందే వేదవాక్కు. బ్రదర్ స్వయంగా చూసొచ్చారు కదమ్మా, మీరు పిల్లల వాటర్ బాటిళ్లు పట్టుకోండి అన్నారు పాస్టరమ్మగారు. పట్టుకున్నాను.

ఆయన ఏ వస్తువు ముందు ఆగినా నరబలే. మొక్కజొన్న నూరుకునే రాయిని చూపించి, దాని మీద మనిషిని పడుకోబెట్టి చంపేవారన్నాడు. అది మన సన్నికల్లంత ఉంది. దాని మీద చంటిబిడ్డ కూడా పట్టదు. ఆ జనం పొద్దున్నే లేచి, సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నలు నూరి, రొట్టెలు కాల్చుకుని పొలానికి వెళ్లేవారన్న సంగతి ఆయన ఎక్కిన బస్సులో ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్లు కట్టుకున్న అంత పెద్ద నగరాల్ని ఎందుకు వదిలి వెళ్లారో పండితులు ఇంకా తల పట్టుకుంటున్నారు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. పాపం చేశారు, పోయారు.

చివర అద్దాల పెట్టెలో ఒక పొడవాటి మట్టి కప్పు, దాని చుట్టూ బొమ్మలు. ఒకవైపు ముసుగులు వేసుకున్న ఇద్దరు, చేతులు కట్టేసిన మనిషిని గొడ్డళ్లతో నరుకుతున్నారు. ఇంకోవైపు గద్దె మీద ముసలి దేవుడు, చుట్టూ ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె నిలబడి, చేతిలోని పాత్రని ఎత్తి, కిందనున్న పాత్రలోకి ధారగా పోస్తోంది.

"చూశారా, అది ఆ మనిషి బ్లడ్. కింగ్‌కి డ్రింక్ రెడీ చేస్తోంది," అన్నాడు బ్రదర్. పిల్లలు ఆనందంతో వణికిపోయారు. అందరికంటే గట్టిగా నవ్వింది నా కూతురే.

బాటిళ్ల సంచి కింద పెట్టాను. "రక్తం కాదు బ్రదర్, చాక్లెట్. నురగ రావడానికి తిరగబోస్తోంది. చాక్లెట్ని వాళ్లు తాగేవారు, నురగంటే ప్రాణం. గోడ మీద రాసి ఉంది, చదవండి."

ఆయన గోడ వైపు చూడలేదు. "సిస్టర్, మీకెక్కడ చూసినా కాఫీయే కనిపిస్తుందండీ," అన్నాడు.

తల్లులందరూ నవ్వారు. ఎవరు పళ్లు కనిపించేలా నవ్వారో, ఎవరు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. నాకు కాఫీయే కనిపిస్తుంది, నిజమే. పక్కన దేవుడూ హంతకులూ ఉన్నా, ఆ కప్పు మీద బొమ్మలు వేసినవాడికి కూడా తిరగబోసే మనిషి కనిపించింది. మా చర్చి వార్షికోత్సవానికి కాఫీ కలిపిందీ నేనే, ఆ ఫోటోల్లో మాత్రం ఒక్కదాంట్లోనూ లేను.

తిరుగు దారిలో, గోడ మీద రాసింది నువ్వైనా చదవాల్సింది అన్నాను కూతురితో.

"చదివాను మమ్మీ. చాక్లెట్ అనే ఉంది."

మరి చెప్పలేదేమని అడిగాను.

"అందరూ ఫన్‌గా ఉన్నారు కదా. నువ్వు చెప్పినా ఎవరూ వినలేదు."

బ్రదర్ మాట కంటే ఈ మాట ఎక్కువ కాల్చింది.

మరుసటి ఆదివారం నేను కాఫీ పెట్టలేదు. మాయా వాళ్లు తాగినట్టే చేదు కోకో, వేడినీళ్లు, ఎండు మిరపకారం కలిపాను. పంచదార వెయ్యలేదు. వంటగదిలో కాకుండా హాలు మధ్యలో బల్ల వేసుకుని, రెండు స్టీలు గిన్నెలతో తిరగబోయడం మొదలుపెట్టాను. కాఫీ కోసం అందరికంటే ముందు వచ్చేది బ్రదరే. ఒక్క గుక్క తాగి, దగ్గుతూ ఏమిటిదని అడిగాడు.

"మీరు చెప్పిన బ్లడ్, బ్రదర్."

పిల్లలు బల్ల చుట్టూ మూగారు. నా కూతురు ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టింది. అయినా వెళ్లిపోలేదు. గిన్నెలో లేస్తున్న నురగని చూస్తూ నిలబడింది.

"ఇంకా పైనుంచి పోయ్ మమ్మీ," అంది.

చెయ్యి ఎంతవరకు లేస్తే అంత ఎత్తు నుంచి పోశాను. వచ్చే వారం మామూలు కాఫీయే పెట్టమని పాస్టరమ్మగారు వెనకనుంచి అంటున్నారు. నేను వెనక్కి తిరగలేదు.