ఎడమకి తగలడు

పదకొండేళ్లపాటు అర్ధరాత్రి పూట గవర్నర్‌పేట నుంచి గొల్లపూడి దాకా రేచీకటి ఉన్న మనిషి వెనకాల సైకిలు తొక్కాను. తొక్కినన్నాళ్లూ ఆయన్ని మించిన జాగ్రత్తపరుడు కృష్ణా జిల్లాలోనే లేడని పదిమందికీ చెప్పాను కూడా. నా తెలివితేటల మీద మీకింకా గౌరవం మిగిలి ఉంటే మిగతాది చదవండి, అదీ పోతుంది.

ఆయన పేరు కాశిం. మా ప్రెస్సులో ఆఫ్‌సెట్ మిషను మీద పని. నేను బైండింగు. ప్రూఫులు దిద్దే రామకోటేశ్వరరావు గారు మూడో మనిషి. ముగ్గురిదీ గొల్లపూడే, ముగ్గురిదీ రెండో షిఫ్టే. గైడ్లో పంచాంగాలో క్యాలెండర్లో ఏవో ఒకటి అచ్చవుతూనే ఉండేవి, మేం బయటపడేసరికి పన్నెండు దాటేది. అప్పటికి సిటీబస్సు ఉండదు. ఆటోవాడు గొల్లపూడి అనగానే మొహం తిప్పుకునేవాడు. అందుకని సైకిళ్లు.

మూడు సైకిళ్లలో డైనమో ఉన్నది కాశిం గారి దానికొక్కదానికే. మిగతా ఇద్దరం కొనలేక కాదు, పక్కవాడికి దీపం ఉండగా మనకెందుకని కొనలేదు. అలా ఒక వరస ఏర్పడింది. దీపం ఉన్నాయన ముందు, కోటేశ్వరరావు గారు రెండు, నేను తోక. తోకనన్న బాధ్యత కొద్దీ, శుభలేఖల మీద అద్దే వెండిరేకు ముక్కలు తెచ్చి నా వెనక మడ్‌గార్డు నిండా అంటించాను, లారీవాడికి మెరుస్తుందని. ఒకరినొకరు దాటకూడదు, పక్కపక్కన తొక్కకూడదు, కబుర్లు చెప్పకూడదు. ఈ చట్టాలన్నీ కాశిం గారివే.

ఒకసారి కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర కానిస్టేబుల్ నన్నాపాడు.

"లైటేదిరా?"

"ముందు వెళ్తోందండీ."

"మీదేమన్నా రైలనుకున్నావా?"

నా రెండు టైర్లలో గాలి తీసి పంపాడు. కాశిం గారు కూడా సైకిలు దిగి నాతోపాటు ఇంటిదాకా నడిచారు. చక్రం గబగబా తిరగకపోతే డైనమో వెలగదు కాబట్టి చీకట్లోనే నడిచాం. ఆయన ఒక చేత్తో సైకిలు పట్టుకుని, రెండో చెయ్యి నా భుజం మీద వేసి, దారి పొడుగునా తియ్యలేదు. నేనంటే ఇంత ఆప్యాయతా అని ఆ రాత్రంతా మురిసిపోయాను.

ఆధారాలు ఇంకా ఉన్నాయి. ఆయన క్యారేజీ విప్పితే కంటికి మంచివే, మునగాకు పప్పు, లేకపోతే కార్జం వేపుడు. మునగచెట్టుని పెళ్లాడారా అని ఏడిపించేవాణ్ణి. వాళ్ల గుమ్మం మీద ఆయన భార్య షహజాది గారు వంద క్యాండిల్ బల్బు వేసి ఉంచేవారు. పెళ్లివారిల్లులా ఆ వెలుగేమిటని దానికీ నవ్వాను. నవ్వడానికి పనికొచ్చిన నా బుర్ర ఆలోచించడానికి పనికిరాలేదు.

ఇక కోటేశ్వరరావు గారు. చల్లపల్లి వైపు రైతుల బిడ్డ, ప్రెస్సులో నోట్లో నాలుక లేని మనిషి. ఊడ్చే తెరేసమ్మతో కూడా, "అమ్మా, కాస్త ఆ కాయితం ఇలా అందిస్తారా అండీ," అనేవారు. అలాంటి మనిషి సైకిలెక్కితే పూనకం వచ్చేది.

"ఎడమకి తగలడు, సన్నాసీ!"

"కుడికి చావు, గాడిదా!"

"ఆగి ఏడువు, ముందు గేదె!"

ఇదంతా కాశిం గారినే. ఆయన ఒక్క మాటకీ బదులు చెప్పేవారు కాదు. తగలడమంటే తగలడేవారు, చావమంటే చచ్చేవారు. ఆయన ఓర్పు చూసి నాకే జాలేసేది. ఒకరోజు ఉండబట్టలేక కోటేశ్వరరావు గారితో అన్నాను, "మీకు వేడి చేసినట్టుందండీ, మజ్జిగ ఎక్కువ తాగండి," అని. "అలాగేనండీ తిరుపతిరావు గారూ, తప్పకుండా," అన్నారాయన, ప్రూఫు మీంచి తలెత్తకుండా. ఆ రాత్రి తిట్లు ఒక్కటీ తగ్గలేదు.

రెండువేల నాలుగులో కోటేశ్వరరావు గారి గొంతులో ఏదో కాయ ఉందని కోసి తీశారు. నెల్లాళ్లు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు. క్యాలెండర్ల సీజను కదా, ఆయన వారానికే పనిలోకి వచ్చేశారు. ఆ వారమే కాశిం గారికీ జ్వరమొచ్చి సెలవు పెట్టారు. ప్రూఫులు దిద్దడానికి నోరెందుకు?

ఆ రాత్రి రోడ్డు ఎంత ప్రశాంతంగా ఉందో. తిట్లు లేవు, కుమ్మరిపాలెం కుక్కలు సైతం మొరగలేదు. భవానీపురం దాటాక రోడ్డు వెడల్పు చేస్తూ కల్వర్టు కోసం తవ్వి పెట్టారు. పక్కనుంచి మళ్లించి, అడ్డంగా రెండు తారు డబ్బాలు పెట్టారు. కోటేశ్వరరావు గారు ఉన్నట్టుండి బెల్లు గణగణా కొట్టడం మొదలుపెట్టారు. కాశిం గారు తలైనా తిప్పకుండా, డబ్బాల మధ్యనుంచి, దీపంతో సహా గోతిలోకి దిగిపోయారు. ఆయన్ని పట్టుకోబోయి కోటేశ్వరరావు గారు దిగారు. ముందు ఇద్దరు పెద్దమనుషులు వెళ్లారంటే దారి ఉండే ఉంటుందని నేనూ దిగాను.

మోకాళ్ల లోతు బురద. పైన లారీ ఒకటి పోతూ పోతూ గోతిలోకి ఇంత వెలుగు పారబోసింది. ఆ వెలుగులో కాశిం గారు చెప్పుకోసం వెతుకుతున్నారు. చెప్పు ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. ఆయన అటుపక్క బురదంతా తడుముతున్నారు.

"మీ ముందే ఉంది కదండీ," అన్నాను.

"ఎక్కడ?" అన్నారు.

నేను తీసి చేతికిచ్చాను. ఆ చేతిని కూడా వెతుక్కుని అందుకున్నారు.

అప్పుడు చెప్పారు, గోతిలో కూర్చునే. చిన్నప్పటినుంచీ రేచీకటి. వాళ్ల నాన్నకీ ఉండేది. పెద్దాసుపత్రిలో చూపిస్తే ఇది తగ్గే రకం కాదన్నారు. ట్యూబులైట్ల కింద వెంట్రుకవాసి రంగు తేడా పట్టుకునే కళ్లే బయటికొస్తే ఉత్తవి. డైనమో వెలుగు ఆయనకి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అది ఎదుటివాళ్లు చూసి తప్పుకోవడానికి.

"మరి ముందెందుకండీ తొక్కడం?"

"వెనకుంటే ఎవడు చెప్తాడు తిరుపతీ? ముందున్నోడికైతే అందరూ దారి చెప్తారు."

మాటలో తప్పేం లేదు గానీ నాకు భయం వేసింది. రోజూ తాటి చెట్లంత లారీలు దూసుకుపోయే రోడ్డది. ఇంతకాలం ఆయన చావుకీ బతుకుకీ మధ్య ఉన్నది రెండో సైకిలు మీది నోరొక్కటే. ఆ నోరు ఇప్పుడు లేదు. పోనీ పగటి షిఫ్టు అడుగుదామా అంటే ఓనరు బసవయ్య సంగతి మాకు తెలిసిందే. చెయ్యి వణుకుతోందని కటింగు మిషను హనుమయ్యని ఒక్క పూటలో ఇంటికి పంపించిన మహానుభావుడు. కంట్లో లోపమని తెలిస్తే కాశిం గారిని ఆ పూట కూడా ఉంచడు. ముగ్గురు పిల్లలున్న ఇల్లు అది.

మర్నాడు ప్రూఫు కాయితం అంచున కోటేశ్వరరావు గారు రాసిచ్చారు: "నాకు మొదటి నెలలోనే తెలిసిందండీ. నెమ్మదిగా దారి చెబితే అందరికీ అనుమానం వస్తుంది. తిడితే ఎవరూ ఏమీ అనుకోరు. దయచేసి ఎక్కడా అనకండి." ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పదకొండేళ్లు ఆయన్ని నోటి దూలగాడు అనుకున్నందుకు సిగ్గేసింది. ఒళ్లు మండింది కూడా, నాకొక్కడికి చెప్పి ఉంటే ఏం పోయేదని. చెప్పి ఉంటే ఊరంతా చాటేవాణ్ణే, అది వేరే సంగతి.

నెల్లాళ్లూ ఎలాగో గడిచాయి. నెల్లాళ్లకే కదా అని చోట్లు మారలేదు, తోకనున్న నాకు ముందు రోడ్డు కనబడదు, అందుకని ఎడమకి ఒక బెల్లు, కుడికి రెండు అనుకున్నాం. కానీ లారీ హారన్లలో బెల్లు ఎవడికి వినపడుతుంది? కాశిం గారు రెండుసార్లు పడ్డారు. సైకిలు దిగి నడిచిన రాత్రులే ఎక్కువ. నెల తర్వాత కోటేశ్వరరావు గారు నోరు విప్పితే గుసగుస తప్ప గొంతు రాలేదు. ఇక రాదన్నాడు డాక్టరు. ఆయన ప్రెస్సు గుమ్మంలో నా సైకిలు హ్యాండిలు పట్టుకుని రెండో చోటుకి నడిపించి, తన సైకిలుని నా వెనక పెట్టుకున్నారు.

నేను పెద్దవాళ్ల ముందు కాలు మీద కాలు వేసుకోకుండా పెరిగినవాణ్ణి. కాశిం గారు మా నాన్న ఈడువారు. వించిపేట దాటాక రోడ్డు మధ్య ఒక గుంట కనబడింది. గొంతు సవరించుకున్నాను.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకపోతే, కొంచెం ఎడమపక్కకి జరిగితే బాగుంటుందేమోనండీ," అన్నాను.

'బాగుంటుందేమో' దగ్గరికి వచ్చేసరికి ఆయన గుంటలో ఉన్నారు.

పరిగెత్తాను. మోకాలు చీరుకుపోయింది. హ్యాండిలు వంకర తిరిగింది. ఆయన రోడ్డు మీదే కూర్చుని నా గొంతు వైపు తల తిప్పారు.

"అంత మర్యాద చేస్తే చచ్చిపోతాను తిరుపతీ. తిట్టు."

"మిమ్మల్ని ఎలా తిడతానండీ?"

"కోటేశ్వరరావు నాకు పగవాడా? తిట్టు నాయనా."

హ్యాండిలు సరిచేసి ఎక్కాం. కుమ్మరిపాలెం దగ్గర ఆవు ఒకటి రోడ్డుకి అడ్డంగా పడుకుని నెమరేస్తోంది. ఎదురుగా లారీ వస్తోంది. మా నాన్నకి మనసులో క్షమాపణ చెప్పుకుని నోరు తెరిచాను.

"ఎడమకి తగలడు, దున్నపోతా!"

ఆయన ఠక్కున ఎడమకి తగలడ్డారు. ఆవు తోకకీ ఆయన చక్రానికీ మధ్య బెత్తెడు సందు. లారీ వెళ్లిపోయింది. నా వెనకనుంచి కోటేశ్వరరావు గారి బెల్లు ఒక్కసారి మోగింది. అక్కణ్ణుంచి నాకు భయం పోయింది. భవానీపురం వచ్చేసరికి నాకు తెలియని తిట్లు కూడా నా నోట్లోంచి వస్తున్నాయి.

గొల్లపూడిలో వాళ్ల వీధి మలుపు దగ్గర కంకర గుట్ట ఉంది. "కుడికి చావు, సన్నాసీ!" అని గట్టిగా అరిచాను. వీధి చివర తమ గుమ్మం బల్బు కింద నిలబడి ఉన్న షహజాది గారు మేం ఆమెకి కనబడకముందే లోపలికి వెళ్లిపోయారు. మొగుణ్ణి నడివీధిలో ఆ మాటంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? క్షమించమని అడుగుదామని గుమ్మం దాకా వెళ్లాను.

లోపల ఆమె కంచం పెట్టి అన్నం వడ్డిస్తున్నారు.

"మలుపులో తిట్టు వినపడితేనే వడ్డించేదాన్ని బాబూ," అన్నారు. "ఈ నెల్లాళ్లూ ఆ మాట వినపడక వీధిలోనే నిలబడిపోయాను."