బావ బండికి కరెంటిచ్చిన వేసవి

పొద్దున భూపాలపల్లి నుంచి బావ ఫోన్ చేశాడు. అక్కతో కలిసి ఎల్లుండి బండిలో వస్తున్నాడట. కుశల ప్రశ్నలేమీ లేవు. "బామ్మర్దీ, ప్లగ్గు జోలికి పోకు, నేనే వచ్చి చూస్కుంట" అన్నాడు. నవ్వాను గానీ, ఫోన్ పెట్టేశాక వరండాలోకి పోయి సాకెట్టు వంక ఒకసారి చూసొచ్చాను.

బావ బొగ్గుబావిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాడు. రిటైరయ్యాక అందరిలా ప్లాటో పొలమో కొనక, ఒక పాత అంబులెన్సు కొన్నాడు. లోపల మంచం, ఫ్యాను, చిన్న పాత ఫ్రిజ్జు అమర్చి దానికి క్యాంపర్ అని పేరు పెట్టాడు. "దవాఖాన బండ్ల పండుకునుడేంది, నలుగురు చూస్తె నవ్వరా?" అని అక్క వారం రోజులు మూతి ముడుచుకుంది. మొదటి ప్రయాణం దేవరుప్పులకే, మా ఇంటికి. నాలుగేళ్ల కిందటి వేసవి. వాకిట్లో బండి ఆపి, బండికి ఇంటి కరెంటిచ్చే లావు వైరు చుట్ట నా చేతికిచ్చి, "తానం జేసొస్త. ఎర్తింగు ఉన్నదో లేదో చూసినంకనే పెడుదాం. అందాక జర ఆగు" అన్నాడు.

ఆగితే నేనెందుకవుతాను! ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పిన మనిషిని. వరండాలో సాకెట్టు పై రంధ్రం ఏళ్ల తరబడి వేసిన సున్నాలతో పూడుకుపోయింది, ప్లగ్గు లావు పిన్ను దూరడం లేదు. దీనికి మా ఇంట్లో ఒకటే వైద్యం, ఆ పిన్ను కోసేయడం. కూలరుకూ అట్లాగే చేశాం. ముట్టుకుంటే జుమ్మనేది. అందుకని దాని పక్కన ఒక చెప్పుల జత ఉంచేవాళ్లం. బాగుచేయించడం కంటే చెప్పులేసుకోవడం సుఖమని మా ఇంటి శాస్త్రం. పిన్ను కోసి ప్లగ్గు పెట్టాను. బండిలో ఫ్యాను గిర్రున తిరిగింది. బావ రాగానే "అంతా చూసే పెట్టిన" అని బొంకాను. సైన్సు సారు మాట కదా, పాపం నమ్మాడు.

తెల్లారి మా అవ్వ, అంటే నా కన్నతల్లి, పేడనీళ్లు కలిపి వాకిట్లో సాన్పి చల్లింది. అక్క అప్పుడే పాలు పెడదామని బండిలో ఫ్రిజ్జు వేసింది. దాంట్లోంచి కరెంటు బండి రేకులోకి దిగింది. లావు పిన్ను ఉండి ఉంటే అది భూమిలోకి పోయేది. అల్లుడి బండికి బొట్టు పెట్టాలని అవ్వ పసుపు కుంకుమల గిన్నెతో వచ్చింది. కూలరైతే చెప్పులేసుకునేది. బొట్టు పెట్టేటప్పుడు ఎవరైనా చెప్పులేసుకుంటారా! తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి తలుపు పట్టుకుంది.

గిన్నె కింద పడిన చప్పుడైంది. అవ్వ చేయి తలుపుకు అతుక్కుపోయింది, ఒళ్లంతా వణుకుతోంది. నేను అటు ఉరికాను.

"అత్తను ముట్టకు! నువ్వు గూడ అతుక్కుంటవ్!" అని బావ కేకేశాడు. తను మాత్రం వరండాలోకి ఉరికి స్విచ్చు ఆపి ప్లగ్గు పీకేశాడు. అవ్వ కుప్పకూలింది. ఊపిరి ఆడుతోంది, కళ్లు తెరవలేదు. అదే బండిలో పడుకోబెట్టి జనగామ దవాఖానకు తీసుకుపోయాం.

దవాఖాన వరండాలో బావ గుప్పిట విప్పాడు. అందులో ప్లగ్గు ఉంది.

"ఇది ఎవరు కోసిండ్రు?"

"నేనే."

"లావు పిన్ను ఉత్తగ పెట్టిండ్రనుకున్నవా, సారూ?"

బామ్మర్దీ అనలేదు. తిట్టినా బాగుండేది. అక్కడే గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మధ్యాహ్నం దాటాక అవ్వ కళ్లు తెరిచింది. నన్ను చూసి, "ఏడుస్తవేంది కొడుకా? బండికి బొట్టు వెట్టిన్నా లేదా?" అనడిగింది. చేతికి కాలిన గాయం తప్ప ఇంకేం కాలేదని డాక్టరు చెప్పాడు. ఇంటికి రాగానే బావ గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పోసి, ఇల్లంతటికీ ఎర్తింగు వేశాడు. నేను గడ్డపార అందించాను, అడిగినప్పుడు మాత్రమే.

అరవై ఏళ్లు అవ్వ ఎక్కడికి పోతుందిలే అనుకుని బతికాను. ఆనాటి నుంచి, వాకిట్లో ఆమె చీపురు చప్పుడు వినబడితే గానీ నాకు తెల్లారదు.