గుడ్డు మీద బొగ్గుగీత

సెపిక్ నది ఒడ్డున అపొలోనియా అని అడిగితే తడుముకునేవాళ్లున్నారు గానీ, గుడ్లావిడ అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ముప్ఫై ఏళ్లుగా తమ వంశం మడుగులో మొసలి గూళ్లు వెతికి, గుడ్లు తీసి మొసళ్ల ఫారానికి పంపేది ఆవిడే. తల్లిమొసలి పక్కనే బుసకొడుతున్నా ఆవిడ చెయ్యి వణికేది కాదు. మగవాళ్లు ఒడ్డున వక్కలు నములుతూ ధైర్యం గురించి మాట్లాడుకునేవాళ్లు.

గుడ్డు గూట్లో ఎలా ఉందో బుట్టలోనూ అలాగే ఉండాలి. తలకిందులైతే లోపలి పిల్ల చచ్చిపోతుంది. అందుకే ప్రతి గుడ్డుకీ పైభాగాన బొగ్గుతో గీత పెట్టేది. ఈ విద్యంతా చెల్లెలు రెజీనాకి చెయ్యిపట్టి నేర్పింది. ఆ రెజీనాని పక్క వంశానికిచ్చారు. వాళ్లకి ఆ మడుగు మీద ఎప్పట్నుంచో కన్ను.

ఓ ఏడు అపొలోనియా కాలు బెణికి, నలభై రెండు గుడ్ల బుట్టని చెల్లెలికప్పగించింది. ఫారానికి పడవలో రెండు రోజుల ప్రయాణం. పది రోజులకి ఫారం నుంచి కబురొచ్చింది, ఒక్క గుడ్డూ బతకలేదని. ఇకమీదట మడుగులో గుడ్లు తీసే హక్కు వేరే వంశానికిస్తామని.

అపొలోనియా కుంటుతూనే ఫారానికి వెళ్లింది.

"గీత పైకే ఉంది కదమ్మా. తీసేటప్పుడే తప్పు జరిగింది," అన్నాడు అక్కడి మనిషి.

గుడ్డు తిప్పి చూసింది. అడుగున తుడిచేసిన బొగ్గు మసక, తను పెట్టిన గీతే. పైనున్నది కొత్తది. అన్నిటికీ అంతే. గుండె మండిపోయింది. అయినా చెల్లెలి పేరు చెప్పడానికి నోరు రాలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క పెనం మీదే రెజీనా సాగో చెట్టు పిండితో రొట్టెలు కాలుస్తోంది.

"కాలెలా ఉందక్కా?"

"గుడ్లెందుకు తిప్పావే?"

చేతిలో రొట్టె పొయ్యిలో పడింది. "మడుగు తేకపోతే పుట్టింటికి పొమ్మన్నారక్కా..."

"వస్తే నీకింత తిండి పెట్టనా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా!"

"నేనేనని ఎవరు చెప్పారు?"

"నలభై రెండు తిప్పితే ఒక్కటీ చిట్లలేదు. అంత మెత్తటి చెయ్యి ఈ నది మీద ఇద్దరికే ఉంది."

మరుసటి ఏడు మడుగు పక్క వంశం చేతికెళ్లింది. గుడ్లు తీసేది రెజీనాయే. ఒక్కటీ పాడవడం లేదని ఎవరో చెప్పబోతే అపొలోనియా మొహం తిప్పుకుంది.

"ఎందుకు పాడవుతాయి? నేర్పింది నేను కాదూ!"