ఊదకముందే విన్న క్లారినెట్

మోకాలినొప్పికని ఈమధ్య వేడినీళ్ళ సంచి కొనుక్కున్నాను. అందులో మరిగిన నీళ్ళు పోయగానే రబ్బరూ గంధకమూ కలిసిన వాసన, గీసి ఆర్పేసిన అగ్గిపుల్లలాంటిది, గదంతా కమ్ముకుంది. వయసు మీదపడ్డాక జ్ఞాపకాలు తలలోంచి వస్తాయంటారు, నాకు మాత్రం మోకాళ్ళలోంచి వస్తున్నాయి.

మా నాన్న కంకిపాడులో బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడు. ఎండాకాలం పెళ్ళిళ్ళు ముంచుకొచ్చే రోజుల్లో దండెం మీద ఆరే ఎర్రకోటు, దాని ఇత్తడి గుండీలు తోమడానికి అమ్మ నానబెట్టిన చింతపండు, అప్పుడే ఒలిచిన ముంజల తడి, పెరట్లో ఎండే ఆవకాయ కారం ఘాటు, వీటన్నిటి మధ్య మిట్టమధ్యాహ్నం నాన్న సాధకం. నాన్న ఊదితే ఊరు లేచేది, అమ్మ ఊదితే పొయ్యి లేచేది, నేను ఊదితే సబ్బుబుడగ కూడా లేచేది కాదు. సంగీతం నాకు నోటిదాకా రాలేదు, చెవుల దగ్గరే ఆగిపోయింది.

ఆ ఏడు క్లారినెట్ కొసన నోట్లో పెట్టుకునే నల్లటి గట్టిరబ్బరు ముక్క, మౌత్‌పీసు, పాడైంది. నాన్న పైపళ్ళు ఏళ్ళతరబడి ఆని గాడిపడి, అంచు అరిగి, పాట మంచి పట్టులో ఉండగా తోక తొక్కిన కుక్కపిల్లలా కీచుమనేది. మేళం పెద్ద మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఊరేగింపులో ఇంకోసారి కీచుమన్నదంటే ఆ కీబోర్డు కుర్రాణ్ణి పెట్టుకుంటానయ్యా, ఏమనుకోమాక."

ముందున్న పెళ్ళి మా ఊళ్ళోనే. మౌత్‌పీసు కోసం నాన్న నన్ను వెంటబెట్టుకుని బెజవాడ బస్సెక్కాడు. "కొత్తదే తెండి," అంది అమ్మ గుమ్మంలోంచి. "పోయినోళ్ళ ఎంగిలి ఇంటికి తేమాకండి."

వన్ టౌన్‌లో మిరపకాయ బస్తాల గోదాముల మధ్య, తోపుడుబళ్ళు తప్పుకుంటే తప్ప కనబడని సందులో, చెక్కమెట్లెక్కితే వాయిద్యాల కొట్టు. పగలే చీకటి. తిత్తి చిరిగిన హార్మోనియాలు, చర్మం ఊడిన డప్పులు. కొట్టాయన పళ్ళెంలో కొత్త ప్లాస్టిక్ ముక్కలూ, వాటి పక్కన ఎవరెవరో వాడి వదిలేసినవీ పరిచాడు. వాడినవాటి మీద పళ్ళగాట్లు. నోళ్ళు పోయి కాట్లు మిగిలాయి.

"అటు తిరిగి నించోవే," అన్నాడు నాన్న. "పళ్ళకానించి ఊదితే నాకు పుర్రెలోంచి వినపడుద్ది. జనానికి వినపడేది వేరు. బాగున్నప్పుడు చెప్పు."

గోడకేసి తిరిగి కళ్ళు మూసుకున్నాను. కొత్తవి ఒకటి మేకలా, ఒకటి డబ్బాలో తుమ్మెదలా మోగాయి. తర్వాత కాసేపు ఏమీ లేదు. కింద బళ్ళ చప్పుడు కూడా సన్నగిల్లింది. అప్పుడు వినిపించింది, బరువుగా, కాస్త జీరగా, పక్కగదిలోంచి నన్నెవరో పేరుపెట్టి మెల్లగా పిలిచినట్టు.

"ఇదే నాన్నా," అన్నాను తిరక్కుండానే.

"ఏదే? ఇంకా ఊదలేదుగా."

వెనక్కి తిరిగాను. నాన్న చేతిలో ఒక పాతముక్క ఉంది, రుమాలుతో తుడుస్తున్నాడు. మోత పుట్టించే రెల్లుబద్ద, రీడు, దానికింకా కట్టనే లేదు. మరి ఊదిందెవరా అని పైకప్పుకేసి చూశాను.

"పైన ఎవరూ లేరమ్మా," అన్నాడు కొట్టాయన. "ఈ సందు మొత్తానికి ఊదేవాళ్ళెవరూ లేరు."

నాన్న ఆ పాతముక్కకే రీడు కట్టి నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళు ఎవరివో గాట్లలోకి సరిగ్గా దిగాయి. మోత బాగానే ఉంది, కానీ నేను విన్నది కాదు. ఆ మాటే చెప్పాను.

"పళ్ళు కుదిరినయ్యే, ఇదే తీసుకుందాం," అని నాన్న తన అరిగినదాన్ని అక్కడే వదిలేశాడు. "ఇంతకీ ఎవరిదండీ ఇది?"

"ఊదేవాళ్ళదేనండీ," అన్నాడాయన, కాగితంలో చుడుతూ.

ఇంటికొచ్చి నాన్న కునుకు తీస్తుండగా అమ్మ ఆ గాట్లు చూసింది. పసుపునీళ్ళు సలసలా కాచి అందులో పడేసింది. లేచింది ఆ రబ్బరూ గంధకాల వాసన. తీసేసరికి నల్లటి ముక్క ఎండువేపాకు రంగుకు తిరిగింది.

"చంపేశావు కదే," అన్నాడు నాన్న మంచం మీద కూలబడి. ఎల్లుండే పెళ్ళి.

"నేను చంపేదేముంది. పోయినోణ్ణి పంపించా."

కాసేపటికి నాన్న ఆశ లేకుండానే దానికి రీడు కట్టి ఊదాడు. పెరట్లో కారం తిరగేస్తున్నదాన్ని అలాగే వదిలి నాన్న దగ్గరికి పరిగెత్తాను. బరువుగా, జీరగా, కొట్లో విన్నదే. వేడికి ముక్క ఎక్కడో వంగి మోత మారి ఉండాలి. కానీ ఇప్పుడు వంగినదాని మోత పొద్దున కొట్లో ఎట్లా వినబడింది?

"నాన్నా, కొట్లో విన్నది ఇదే."

నాన్న దాన్ని నోట్లోంచి తీసి చాలాసేపు చూశాడు. "అయితే అక్కడ ఊదింది నేనేనన్నమాట," అన్నాడు, ఊరట పడ్డట్టు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

పెళ్ళిలో ఒక్క కీచు లేదు. మేళం పెద్ద ముందుజాగ్రత్తగా పిలిపించిన కీబోర్డు కుర్రాడు భోజనం చేసి వెళ్ళిపోయాడు. ఆపైన నాన్న సాధకానికి కూర్చుంటే అమ్మ పక్కింటికి పోయేది. "నాన్నే ఊదుతున్నాడు కదమ్మా," అంటే ఒకసారి చెవిలో చెప్పింది. "ఆ మోత పోయినోడిదేనే. మీ నాన్న ఇంకా పోలేదు, అంతే."

నాన్న పోయి చాలాకాలమైంది. ఆ చెక్కమెట్ల చోట ఫోన్ కవర్లమ్ముతున్నారు. ఎర్రకోట్లు లేవు, ఎండలో ఉబ్బిన ఆ బుగ్గలూ లేవు. ఊరేగింపుల ముందు జనరేటరు బండి, దానిమీద ఇంతెత్తు స్పీకర్లు. వాటిలోనూ క్లారినెట్ వినిపిస్తుంది, కానీ అది ఎవరో ఎప్పుడో ఊదేసి వెళ్ళిపోయిన మోత. మొన్న బెంజి సర్కిల్ దగ్గర ఒక ఊరేగింపులో పాట మధ్యలో జనరేటరు ఆగిపోయింది. అంత జనంలో పాటను అందుకునే నోరు ఒక్కటి లేదు. డీజిలు తెచ్చి పోసేదాకా పెళ్ళికొడుకు కారులో, మేమంతా రోడ్డు మీద, ఏమీ వినబడకుండా నిలబడిపోయాం.