జగన్మోహన్ రావు గారి మైనం

1986 ఫిబ్రవరి 9, ఆదివారం, ఉదయం 6 గంటల 50 నిమిషాలకు, ముత్యంపేట శివారులో ఒక చెరుకుతోట గట్టున, జగన్మోహన్ రావు గారు ఎద్దు చెవిలో మైనం పెడుతున్నారు. ఎలపటి ఎద్దు పని పూర్తయింది. దాపటిది ఒప్పుకోవడం లేదు. అది తల విదిలించినప్పుడల్లా ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, "నీ మంచికే చెప్తున్న" అని నచ్చజెప్పి, మళ్లీ ముందుకు వస్తున్నారు.

ఆయన గురించి చెప్పవలసినదంతా దాదాపు ఇదే. తుపాకి పేల్చబోయే ముందు, ఆ చప్పుడు చేరగలిగినంత దూరంలో చెవులున్న ఏ ప్రాణినీ ఆయన వదిలిపెట్టరు. తేనెమైనంలో దూది కలిపి పిసికి ముద్దలు చేసి, రేకు డబ్బాలో వరసగా పేర్చుకొని తెస్తారు. పెద్దవి ఎద్దులకు, చిన్నవి కుక్కలకు, నడిమివి మనుషులకు. ఒక్కొక్కరి చెవి చూసి ముద్ద ఎంచి, తమ చేత్తోనే పెట్టి, వెనుక నుంచి చిటిక వేసి పరీక్షిస్తారు. తిరిగి చూసినవాడికి ఇంకొంచెం మైనం. అందరి పరీక్షా ముగిసేసరికి అడవిపందులు పక్క ఊరు చేరి స్థిరపడేవి. ఇరవై ఏళ్ల షికారులో ఆయన గుండు తగిలిన ప్రాణి ఏదీ లేదు, ఒక తాటిచెట్టు తప్ప.

కోరుట్ల, జగిత్యాల రావుల కుటుంబాల్లో దీనికి ఒకటే అర్థం చెప్పుకునేవారు: చప్పుడంటే భయం. బావమరిది శశిధర్ రావు మాత్రం అలా అనుకోలేదు. అతను జగిత్యాలలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్. పేలుడు చప్పుడుకు చెవి లోపలి సున్నితమైన కణాలు చచ్చిపోతాయనీ, చచ్చినవి మళ్లీ పుట్టవనీ అతనికి తెలుసు. బావగారి సూత్రం సరైనదే, పద్ధతే అతిగా ఉందని అతని అభిప్రాయం.

అతికి ఉదాహరణలు కొరత లేదు. సిరిసిల్లలో భార్య రత్నమాల పినతల్లి కూతురి పెళ్లికి బరాత్ ముందర గర్నాలు పేలుస్తారని తెలిసి, జగన్మోహన్ రావు గారు పెళ్లికొడుకు మొదలు బ్యాండువాళ్ల దాకా అందరికీ మైనం పెట్టారు. మంటపం దగ్గర ఆపమంటే బ్యాండు ఆగలేదు. మూడు ముళ్లూ పడ్డాయి, తలంబ్రాలూ అయ్యాయి, భోజనాలు రెండో బంతికి వచ్చాయి. బరాత్ పాట అలాగే సాగింది.

"మరమగ్గం సాంచల చప్పుడుల పుట్టి పెరిగినోళ్లకు గర్నాలొక లెక్కనా?" అని రత్నమాల భర్తను నిలదీసింది.

"మీ సిరిసిల్లల మెల్లగ మాట్లాడే మనిషిని ఒక్కరిని చూపెట్టు, మైనం పెట్టుడు బంద్ జేస్త" అన్నారాయన.

ఆమె సిరిసిల్ల అంతటికీ వినబడేలా ఏదో అన్నది. ఆయన గెలిచినట్టు తల ఊపారు.

అప్పటికి, అన్నలని పిలిచే నక్సలైట్లకు జడిసి ఊళ్లు వదిలి వచ్చిన రావులందరి లాగానే ఆయన కూడా జగిత్యాలలో అద్దె ఇంట్లో ఉండేవారు. లైసెన్సు తుపాకులు అన్నల చేతికి పోకుండా ఠాణాలో అప్పగించాలని ఆర్డరు వచ్చింది. జగన్మోహన్ రావు గారిది గొట్టంలో పై నుంచి మందు కూరి కాల్చే పాతకాలపు భర్మార్. దాన్ని తీసుకొని ఠాణాకు వెళితే, ఖాళీ చేసి ఇమ్మన్నారు. మందు కూరిన భర్మార్‌ను ఖాళీ చేయడానికి సులువైన దారి పేల్చడమే. అందుకని ఆయన ఎస్సై గారికి, జవాన్లకు, లాకప్పులో ఉన్న మేకల దొంగకు కూడా మైనం పెట్టి, పెరట్లో ఆకాశంలోకి పేల్చారు. తర్వాత అరగంట సేపు బల్లమీది ఫోను మోగింది. అవతల పెద్ద ఆఫీసరు. మరునాడే భర్మార్ ఇంటికి తిరిగి వచ్చింది. "ఇది తుపాకుల లెక్కల రాదు సార్, మీ దగ్గరనే ఉండనియ్యండ్రి" అన్నాడు తెచ్చిన జవాను.

ఆ నెలలోనే ఒక సాయంత్రం అన్నలు వచ్చి తుపాకి అడిగారు. ఆయన భర్మార్‌తో పాటు రేకు డబ్బా కూడా బయటికి తెచ్చి, మైనం ఎలా పెట్టుకోవాలో మొదటి నుంచి చెప్పడం ప్రారంభించారు. నాయకుడు కొంతసేపు భర్మార్ వైపు, కొంతసేపు ఆయన వైపు చూశాడు.

"దీన్ని మోసుకొని తిరిగితే మా ఇజ్జత్ పోతది. మీరే ఉంచుకోండ్రి" అని లేచాడు. వెళుతూ మైనం ముద్దలు మాత్రం నాలుగు అడిగి తీసుకున్నాడు.

ఈ విధంగా సర్కారు వదిలేసి, అన్నలు వదిలేసి, చుట్టుపక్కల రావుల చేతుల్లో మిగిలిన తుపాకి అదొక్కటే అయింది. చెరుకును పందులు పాడు చేస్తున్నాయని పర్మిట్ తెచ్చుకున్న ప్రతి రైతూ ఆయన ఇంటికే రావలసి వచ్చింది. కోరుట్ల కరుణాకర్ రావు గారు కూడా అలాగే వచ్చారు. ఈ తోట ఆయనదే. ఎద్దులూ ఆయనవే.

ఆ రోజు గట్టు మీద సమస్య ఎద్దులతో ఆగలేదు.

చెరుకులో దాగిన పందులను డబ్బాలు కొడుతూ బయటికి తోలడాన్ని హాకా అంటారు. జగన్మోహన్ రావు గారి హాకాకు ముందరి మనిషి భూమన్న. తోట మధ్యన మంచె ఎక్కి, తెల్ల తువ్వాల ఎత్తితే అందరూ కదలాలి, దించితే ఉన్నచోటనే కూర్చోవాలి. తువ్వాల మొదట ఎర్రది. రోజులు బాగాలేవని తెల్లది చేశారు. భూమన్నకు వినికిడి బాగా తక్కువ. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది పోయే దారిలో ఉంది.

"పిలిస్తే పలుకని మనిషిని మంచె మీద ఎట్ల పెడ్తరు?" అన్నారు కరుణాకర్ రావు గారు. "మా రాజలింగం ఉన్నడు. సీటీ ఊదుతడు, కేక పెడ్తడు. భూమన్నను డబ్బా కొట్టెటోళ్ల ఎనుక నడువుమనుండ్రి."

హాకాలో ముందరి మనిషికి ప్రతి రైతు కల్లంలోనూ గింజలు దక్కుతాయి. వెనుక నడిచేవాడికి చాయ్ దక్కుతుంది. భూమన్న ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ గింజలతోనే. ఈ సంగతి గట్టు మీద అందరికీ తెలుసు.

"సీటీ ఊదితే పోలీసులనుకొని సగం ఊరు ఉరుకుతది" అన్నారు జగన్మోహన్ రావు గారు. "అయినా అందరి చెవులల్ల మైనం ఉంటే సీటీ ఎవరికి వినబడ్తది?"

"అదే గదా నేననేది. ఆ మైనమే వద్దంటున్న."

శశిధర్ రావు ఉత్సాహంగా ముందుకు వచ్చింది ఇక్కడే. అతని జేబులో బొంబాయి మిత్రుడు పంపిన విదేశీ రబ్బరు బిరడాల జత ఉంది. బిరడా మధ్యన సన్నని రంధ్రం, రంధ్రంలో పలుచని రేకు. మామూలు మాటకు రేకు తెరుచుకొనే ఉంటుంది. పేలుడు తాకిడికి మూసుకుంటుంది. అతను కాలేజీలో స్వయంగా పరీక్షించాడు. నిక్షేపంగా పని చేశాయి.

"బావా, ఇవి పెట్టుకుంటే చెవీ ఖరాబు కాదు, మాటా వినబడ్తది. అందరికీ తెప్పియ్యచ్చు."

బావగారు సంతోషిస్తారని అతను అనుకున్నాడు. ఆయన బిరడాను చేతిలోకి తీసుకొని, వేడి పాత్రను పట్టుకున్నట్టు అటూ ఇటూ మార్చారు.

"రంధ్రం ఉన్నది గదా. చీమ పోతది."

"చీమ పట్టేంత రంధ్రం కాదు బావా."

"పిల్లచీమ?"

"పిల్లచీమ కూడా పట్టదు."

"అయితే ఎండకు రబ్బరు కరుగుతది."

"ఇది ఫిబ్రవరి."

కరుణాకర్ రావు గారు నవ్వాపుకొని తీర్పు చెప్పారు. "ఇయ్యాల్టికి మీ మైనమే కానియ్యండ్రి. లెక్చరర్ సాబ్ ఒక్కడు తన బిరడలు పెట్టుకొని చూస్తడు. మంచిగ పనిచేస్తయంటే అందరికీ నేనే తెప్పిస్త, వచ్చే హాకాకు రాజలింగం మంచె ఎక్కుతడు. శశిధర్ మాటనే ఫైనల్. ఒప్పుకుంటరా?"

జగన్మోహన్ రావు గారు దాపటి ఎద్దు రెండో చెవికి వెళ్లిపోయారు. గట్టు చివరన నిలబడ్డ భూమన్న, అందరి పెదవుల వైపూ ఒకసారి చూసి, తువ్వాల భుజాన వేసుకొని మంచె ఎక్కాడు.

హాకా మొదలైంది. తువ్వాల లేచింది, డబ్బాలు మోగాయి, చెరుకు కదిలింది. ముప్పై మంది మనుషులు ఒకే తెల్లగుడ్డ వైపు చూస్తూ నడుస్తున్నారు. జగన్మోహన్ రావు గారు భర్మార్ ఎక్కుపెట్టారు. బిరడాల పుణ్యమా అని ఆ తోటలో అన్నీ వినబడుతున్నది శశిధర్ రావు ఒక్కడికే. ఆకుల గలగలలో ఎక్కడో మనిషి దగ్గు వినిపించింది. ఎటువైపో తేల్చుకోలేక అతను వెనక్కి తిరిగి చూస్తుండగా, ఎదుట మంచె మీద తువ్వాల సర్రున దిగింది. ముప్పై మందీ ఉన్నచోటనే కూలబడ్డారు. భర్మార్ గొట్టం ఆకాశం వైపు లేచింది. గురి పెట్టిన సందులోంచే, తలమీద చెరుకు సోగ మోపుతో, వజ్రమ్మ బయటికి వచ్చింది.

వజ్రమ్మ భూమన్న భార్య. హాకా ఎండ ఎక్కినాక మొదలవుతుందనుకొని బర్రెకు మేతగా సోగ కోసం వచ్చింది. గట్టు మీది వాదనలో సగం ఆమె చెవిన పడింది; బిరడాలు అప్పటికే ఒకరి చెవుల్లో ఉన్నాయన్న సగం పడలేదు. మోపు కింద పడేసి, నడుం మీద చేతులు పెట్టుకొని, అందరి చెవులూ మూసి ఉన్నాయన్న ధైర్యంతో అందుకుంది.

"మనిషో పందో కానని కండ్లెందుకు మీకు, పీకి కాకులకెయ్యుండ్రి. ఓ కరుణాకర్ రావూ, నీకే చెప్తున్న."

కరుణాకర్ రావు గారు ఆమె కృతజ్ఞత చెబుతున్నదనుకొని, పర్వాలేదన్నట్టు చేయి ఊపారు.

"చెయ్యి ఊపు, ఊపు. నా మొగన్ని దించి నీ రాజలింగాన్ని ఎక్కిస్తవా? ఆయన చెవు ఊకెనే పోయిందా?" ఆమె జగన్మోహన్ రావు గారి వైపు వేలు చూపింది. "గీయన నాయన, పెద్దదొర, నా మొగని కుడి భుజం మీద తుపాకి ఆనిచ్చి కాల్చెటోడు. గురి తప్పుతదని కదలనియ్యకపోయేది. చెవా, బండరాయా, ఆగుటానికి?"

జగన్మోహన్ రావు గారు తప్పు తమదేనని రెండు చేతులూ జోడించారు. ఆయనకూ ఏమీ వినబడలేదు.

"గీ చిన్నదొరకే ఎరుకైంది. చెవిటోడు హాకకు పనికిరాడని నలుగురంటే, ఆ నలుగురి చెవులే మూసిండు. పిరికోడని నవ్వితే నవ్వనిచ్చిండు. అందరికి వినబడకపోతెనే గదా నా మొగని తువ్వాల దిక్కు చూస్తరు." ఆమె శశిధర్ రావు వైపు తిరిగింది. "ఇగ గీ సదువుకున్న సారు ఏందో రబ్బరు బిరడ తెచ్చిండట. బడిల పిల్లలకు పాఠం చెప్పుకోక ఏం పుట్టింది బిడ్డా నీకు? మొకం జూస్తే మంచోని లెక్కనే ఉన్నవు."

శశిధర్ రావు, చెవుల్లో మైనం ఉన్న మనిషి ఎలా చూడాలో అలా చూశాడు. కొంచెం నవ్వాడు కూడా. ఆమె మోపు ఎత్తుకొని వెళ్లిపోయింది.

"ఏమన్నది?" అని జగన్మోహన్ రావు గారు ఒక ముద్ద తీసి అడిగారు.

"మీరు మంచిగున్నరా అని అడిగింది బావా."

ఆయన తృప్తిగా ముద్ద మళ్లీ పెట్టుకున్నారు. మంచె మీద తువ్వాల లేచింది. పందులు తూర్పు గట్టు దాటి వెళ్లిపోయిన కొంతసేపటికి భర్మార్ భూమి అదిరేలా పేలింది. శశిధర్ రావుకు అది ఎక్కడో పక్కింట్లో తలుపు వేసినట్టు వినిపించింది. ఆ వెంటనే కొమ్మ మీద పిట్ట కూత కూడా స్పష్టంగా వినిపించింది. అంత చక్కని పరికరాన్ని అతను అంతకుముందెప్పుడూ చూడలేదు.

మైనం తీసుకుంటూ కరుణాకర్ రావు గారు వచ్చారు. మంచె దిగుతున్న భూమన్న, నిచ్చెన మెట్టు మీదనే ఆగి, శశిధర్ రావు పెదవుల వైపు చూస్తున్నాడు. జగన్మోహన్ రావు గారు ఎవరి వైపూ చూడకుండా ఎద్దు చెవి తుడుస్తున్నారు.

"చెప్పుండ్రి లెక్చరర్ సాబ్. మీ బిరడలు చప్పుడును నూటికి ఎంత ఆపినయి?"

శశిధర్ రావు రెండు బిరడాలూ తీసి జేబులో వేసుకున్నాడు. కొలిచిన అంకెను కాక వేరే అంకెను పైకి చెప్పడం అతని జీవితంలో అదే మొదటిసారి. నిచ్చెన మీది మనిషికి కూడా అందేటట్టు, పెదవులు బాగా కదిపి చెప్పాడు.

"సున్నా."