ఫిల్మ్ నగర్‌లో గేటు పడింది

ఆ రోజుల్లో రెండు రాష్ట్రాల్లోనూ నా గొంతు వినిపించని సినిమా హాలు ఉండేది కాదు. గొప్పలు పోతున్నాననుకోకండి. తెర మీద సంత తగలబడుతుంటే "అయ్యో! అయ్యో!" అని అరిచే పదిమందిలో నేనొకదాన్ని. పెళ్ళిపందిట్లో హీరో ఎవర్నో చితకబాదుతుంటే "ఆపండీ, ఎవరైనా ఆపండీ!" అన్నదీ నేనే. (ఎవరూ ఆపేవారు కాదు.) ఒకే మైకు చుట్టూ ఆరేడుగురం నిలబడి, ఒకరి కేక మీద ఒకరం కేక వేసేవాళ్ళం. డబ్బింగ్ థియేటర్లో మా జాతిని "క్రౌడ్" అనేవారు. సినిమాకు వెళ్ళినప్పుడు పక్క సీటు ఆవిడను మోచేత్తో పొడిచి "ఇప్పుడొచ్చిన కేక నాదేనండీ" అని చెప్పుకునేదాన్ని. ఆవిడ బ్యాగు తీసి అవతల పక్కన పెట్టుకునేది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో ఎవరికైనా ఒక ఆశా, ఒక బెంగా ఉంటాయి కదా. నా ఆశ ఫిల్మ్ నగర్‌లో ఉండేది. బెంగ మాత్రం మా గేటు మీద.

మా గేటంటే ఇంటి గేటు కాదు, రైలు గేటు. నాన్న గోదావరి జిల్లాలో ఒక చిన్న స్టేషనుకు కాస్త దూరంలో గేట్‌మన్. గేటు పక్కనే రైల్వేవారిచ్చిన ఒక గది, ఒక వంటిల్లు, వాకిట్లో బంతిమొక్కలు. ఎనిమిదేళ్ళ వయసులో నా దృష్టిలో ప్రపంచంలో అంతకన్నా పెద్ద ఉద్యోగం లేదు. నాన్న గేటు వేశాడంటే బస్సు ఆగాల్సిందే, పెళ్ళివారి వ్యాను ఆగాల్సిందే. ఒకసారి ఎమ్మెల్యేగారి కారు హారన్ కొట్టి కొట్టి అలిసిపోతే, ఆయనే దిగొచ్చి మా వాకిట్లో మంచినీళ్ళు తాగి వెళ్ళారు. నేను డిగ్రీకి వచ్చేసరికి గేటు తీసేసి, పట్టాల కింద నుంచి రోడ్డు తవ్వారు. గది కూల్చేశారు. నాన్నకు స్టేషన్లో వేరే పని ఇచ్చారు. సొంతం కాని ఇల్లు పోతే ఏడవడానికి కూడా మొహమాటమే. రైల్వేవారి గది, రైల్వేవారు కూల్చుకున్నారు, మధ్యలో నేనెవర్ని? అయినా హైదరాబాదు వచ్చాక ఎక్కడ గంట మోగినా ఒక క్షణం ఆగి, రైలెటు నుంచో అని చూసేదాన్ని.

అలా ఉండగా ఒక మే నెలలో, మొదటిసారి, నాకంటూ విడిగా ఒక డైలాగు దొరికింది. హీరోయిన్ చెల్లెలిగా వేసిన అమ్మాయికి తెలుగు రాదు. సినిమా మొత్తంలో ఆ అమ్మాయి నోరు తెరిచేది ఒక్కసారే: "అక్కా, బావ వచ్చేశాడే!" మూడు మాటలు. వారం రోజులు సాధన చేశాను. సంతోషంగా ఒకసారి, సిగ్గుగా ఒకసారి, పైకి కనపడని అసూయతో ఒకసారి. రహమత్ నగర్‌లో మా పక్కవాటా ఆవిడ రెండుసార్లు తలుపు తీసి చూసింది, ఎవరి బావ వచ్చాడోనని. డబ్బింగ్ పనంతా చూసే పెద్దాయనను అందరం మాస్టారు అనేవాళ్ళం. ఆయన ముందురోజే గట్టిగా చెప్పారు. "మధ్యాహ్నం రెండింటికమ్మా. రెండంటే రెండే. ట్రాఫిక్కండీ, వర్షమండీ అంటూ రాకు."

ఆలస్యమైపోతుందేమోనన్న భయంతో పదిన్నరకే బయల్దేరాను. (నా కథలో అన్నిటికన్నా నవ్వొచ్చే సంగతి ఇదే.) జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర షేర్ ఆటో దిగి ఎండలో నడుస్తుంటే, ఒక హాలు ముందు బ్యానర్ కనిపించింది. "చిట్టి రైళ్ళ ప్రదర్శన. ప్రవేశం ఉచితం." రైళ్ళ మీద ప్రేమతో లోపలికి వెళ్ళానని చెప్పాలని ఉంది కానీ, అబద్ధం. అద్దం తలుపు తెరుచుకున్నప్పుడల్లా బయటికొస్తున్న చల్లగాలి కోసం వెళ్ళాను. పది నిమిషాలు చెమట ఆరబెట్టుకుని వెళ్ళిపోదామనుకున్నాను. బ్యాగు వాకిట్లో ఇచ్చి టోకెన్ తీసుకోమన్నారు. ఇచ్చాను. ఫోను అందులోనే ఉండిపోయింది.

లోపల ఎన్ని రైళ్ళో! ఒకాయన మంచుకొండలూ, సొరంగాలూ, చెక్క ఇళ్ళూ కలిపి ఒక దేశాన్నే బల్ల మీద పెట్టేశాడు. ఇంకొకాయన బొగ్గింజను నిజంగానే పొగ వదులుతోంది. అసలు రైలును ఎనభై ఏడు వంతులు చేస్తే అందులో ఒక వంతట ఈ రైళ్ళు. అన్నీ చూశాను, నోరు తెరుచుకుని చూశాను, కానీ పెళ్ళిలో వేరేవాళ్ళ నగలు చూసినట్టు చూశాను. చివర్న ఒక మూల ఒక ముసలాయన, ఆయన పక్కన కుర్చీలో టిఫిన్ డబ్బాతో ఆయన భార్య. వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

అది మన రైలు. దుమ్ము కొట్టుకున్న నీలం పెట్టెలు, కిటికీ కమ్ముల కింద తాంబూలం ఉమ్మిన మరకలతో సహా. చివరి పెట్టెలో బియ్యపుగింజంత గార్డు, ఆయన చేతిలో నూలుపోగంత పచ్చజెండా. ప్లాట్‌ఫాం మీద కుళాయి, కుళాయి కింద ఎప్పటికీ ఆరని తడి. బెంచీ మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. అతని చెప్పులు బెంచీ కింద జాగ్రత్తగా జతగా పెట్టి ఉన్నాయి. ఆ చెప్పుల దగ్గరే నా చూపు నిలిచిపోయింది. ఎంత ప్రేమ ఉంటే ఒక మనిషి ఆవగింజంత చెప్పులు చేసి, అవి ఎవరూ ఎత్తుకుపోకుండా బెంచీ కిందికి తోస్తాడు!

స్టేషను దాటాక ఒక గేటు. గేటు పక్కన చిన్న గది. అవతల ఒక ఎర్రబస్సు, ఇవతల నాలుగు మేకలు. అంతా సరిగ్గా ఉంది, ఒక్కటి తప్ప. రైలు వస్తోంది, గేటు తీసే ఉంది! రైలు దడదడా వెళ్ళిపోయింది. నా గుండె కూడా దడదడలాడింది. బొమ్మ కదా అనుకున్నాను. రెండో చుట్టు వచ్చింది. గేటు తీసే ఉంది. పక్కవాళ్ళ మొహాలు చూశాను, ఒక్కళ్ళకీ చీమ కుట్టినట్టైనా లేదు. బల్ల చుట్టూ తాడు కట్టి, నాలుగు వైపులా "ముట్టుకోరాదు" అని రాసి ఉంది, అదీ చదివాను. మూడోసారి రైలు మలుపు తిరగడం చూశాక మాత్రం నా వల్ల కాలేదు. తాడు మీదుగా వంగి చూపుడువేలితో గేటు కిందికి నొక్కేశాను.

గేటు చక్కగా పడింది. సరిగ్గా రెండు క్షణాలు నాకు స్వర్గం. మూడో క్షణంలో తెలిసింది, వంగినప్పుడు నా చున్నీ కొస జారి, గేటుకు జానెడు ఇవతల పట్టాల మీద పడి ఉందని. ఇంజను చున్నీలోకి దూరి పక్కకు ఒరిగింది. వెనకాల పదకొండు పెట్టెలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి బల్ల మీద చెల్లాచెదురయ్యాయి. ఎవరో పసివాడు వాళ్ళమ్మను అడిగాడు, "అమ్మా, అందరూ చచ్చిపోయారా?"

"అయ్యయ్యో! ఎవ్వలమ్మా నువ్వు? పొద్దుగాల్ల సంది మంచిగ నడుస్తుండె!" అని పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. పెద్దాయన మాత్రం అరవలేదు. పడిపోయిన ఇంజను వైపు చూసి, నా వైపు చూసి, "ఎందుకు ముట్టుకున్నవమ్మా? రాసి పెట్టిన గద," అన్నాడు. ఆ మెల్లని గొంతుకే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

"గేటు తీసుందండీ," అన్నాను. "రైలొస్తోంది. అవతల బస్సుందండీ."

ఆయన బస్సు వైపు చూశాడు. మేకల వైపు చూశాడు. "మోటరు ఖరాబైంది పొద్దుగాల. గేటు పడ్తలేదు. గింతమంది వచ్చిన్రు, ఒక్కలన్న అడుగుతరేమో అని చూస్తున్న. ఒక్కలు అడగలే." నా వైపు తిరిగి, "నువ్వెవరి బిడ్డవు?" అన్నాడు.

"గేట్‌మన్ గారమ్మాయినండీ."

"గట్ల చెప్పు!" అని ఆయన ఒక్కసారిగా నవ్వేసి, ఒక కుర్చీ లాగాడు. "కూసో. పడగొట్టినోళ్ళే నిలబెట్టాలె."

ఆయన రైల్వే వర్క్‌షాపులో పెట్టెలు బాగుచేసి రిటైరయ్యాడట. "పెద్దయి బాగుచేసుడు అయిపోయింది, ఇగ గీ చిన్నయి," అన్నాడు. "ఇరవై ఏండ్లాయె బిడ్డా, మా ఇంట్ల టేబుల్ మీద కూసోని అన్నం తినక," అంది పెద్దావిడ. "దాని మీద స్టేషనున్నది. వంటింట్ల పీట మీద తింటున్నం." పట్టకారుతో ఒక్కో చక్రం పట్టాల మీదికి ఎక్కించడం ఆయన నేర్పాడు. రెండు పెట్టెలకు చక్రాలు ఊడాయి, గార్డు జెండా ఎక్కడో పడిపోయింది. బల్ల కింద పాకుతూ వెతికి తెచ్చాను. పదకొండో పెట్టె ఎక్కేసరికి ఎంత సేపయిందో నాకు తెలియదు.

రైలు మళ్ళీ కదిలింది. నేను లేవబోయాను. "ఏడికి? గీ పూట గేటు నీదే," అన్నాడాయన. పెద్దావిడ వచ్చి నా చున్నీ నడుముకు గట్టిగా ముడివేసి, చేతికొక పెన్సిల్ ఇచ్చింది. ఇంకేం కావాలి నాకు! మలుపులో ఇంజను కనపడగానే పెద్దాయన నోటితో గంట కొట్టేవాడు. నేను పెన్సిలుతో గేటు దించేదాన్ని. రైలు వెళ్ళాక ఎత్తేదాన్ని. "ఆంటీ, గేటు తియ్యండి, మా బస్సుకు లేటవుతోంది," అని పిల్లలు గోల. (నన్ను మొదటిసారి ఆంటీ అన్నది అక్కడే. కోపం కూడా రాలేదు.) రైలు గేటు దాటడానికి నాలుగు క్షణాలు పట్టేది. ఆ నాలుగు క్షణాలూ నేను గేటును చూసేదాన్ని కాదు. పక్కనున్న గదిని చూసేదాన్ని. అగ్గిపుల్ల తలంత కిటికీ. దాంట్లోంచి లోపలికి చూస్తే మా వంటిల్లు కనపడుతుందేమోనని తల ఎంత వంచినా, చీకటే తప్ప ఏమీ కనపడలేదు.

"ఏం దేవులాడుతున్నవు?" అన్నాడాయన.

"ఏం లేదండీ. ఇక్కడ, వాకిట్లో... బంతిమొక్కలుండాలండీ."

ఆయన ఎందుకని అడగలేదు. ఒక డబ్బా తీశాడు, పచ్చటి స్పాంజి చిటికెడు, పసుపుపచ్చది చిటికెడు. "ఎన్ని?" అన్నాడు. "ఏడండీ." పట్టకారుతో, జిగురుతో, ఊపిరి బిగబట్టి, ఏడు మొక్కలు నాటాడు. పెద్దావిడ నా చెవిలో అంది, "ఇరవై ఏండ్లల్ల నాకు ఒక్క పువ్వు దెచ్చిండా అడుగు!"

ఎవరో పక్కనుంచి టైమెంతయిందని అడిగారు, ఇంకెవరో మూడూ ముప్పావు అన్నారు. ఆ మాట చెవిన పడగానే పెన్సిల్ చేతిలోంచి జారింది. ఎలా పరుగెత్తానో, టోకెన్ ఎలా ఇచ్చానో గుర్తులేదు. ఫోనులో మాస్టారివి పదకొండు మిస్డ్ కాల్స్. ఆటోలో ఫిల్మ్ నగర్ చేరేలోపు జ్వరం, యాక్సిడెంటు, లేని మేనత్త చావు, అన్నీ సిద్ధం చేసుకున్నాను. థియేటర్ తలుపు దగ్గరే మాస్టారు నిలబడి ఉన్నారు. "ఏమ్మా, ఏమైపోయావు?" అని అడగ్గానే, ఆ సిద్ధం చేసుకున్నవన్నీ ఎటుపోయాయో, నా నోట్లోంచి నిజం ఊడిపడింది.

"గేటు పడిందండీ."

"ఏ గేటు?"

"రైలు గేటండీ."

ఆయన నా భుజం మీదుగా రోడ్డును ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. "ఫిల్మ్ నగర్‌లో రైలు గేటు ఎక్కడుందమ్మా?"

మొత్తం చెప్పాను. చున్నీతో సహా. లోపల అద్దం వెనకాల సౌండ్ అబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. "ఆ డైలాగు శ్రీనగర్ కాలనీ నుంచి ఇంకో అమ్మాయి వచ్చి చెప్పేసింది. ఒక్క టేకులో," అన్నారు. నేను తలొంచుకుని నిలబడ్డాను. ఆయన తలుపు వైపు చెయ్యి చూపి, "వచ్చావుగా, లోపలికి నడు. జాతరలో తొక్కిసలాట ఉంది," అన్నారు. ఆ రోజు జాతరలో అందరికంటే గట్టిగా ఏడ్చింది నేనే. "ఇవాళ ఏడుపు బాగా కుదిరిందమ్మా," అని మాస్టారు మెచ్చుకున్నారు కూడా.

సాయంత్రం గదికి వస్తూ నాన్నకు ఫోన్ చేశాను. వెనకాల టీవీ సీరియల్ మోగుతోంది. "నాన్నా, ఇవాళ గేటు వేశాను," అని అంతా చెప్పాను. నాకులాగే ఆయనా మురిసిపోతాడని నా ఊహ. "ఆ గేటు సంగతి నాకు చెప్పకే," అన్నాడు నాన్న. "ముప్పై ఏళ్ళు కంటినిండా నిద్రలేకుండా చేసింది. పోయింది, పీడా పోయింది. ఇప్పుడు హాయిగా పడుకుంటున్నాను." అటువైపు టీవీ శబ్దం తగ్గింది. తర్వాత నాన్నే అడిగాడు, "వేసేముందు రెండువైపులా చూశావా?"

"లేదు నాన్నా."

"అదీ! ముందు చూడాలి, తర్వాత వెయ్యాలి. మేకలకు వెనక్కి తిరగడం రాదమ్మా." ఆ తర్వాత అయిదు నిమిషాలు, మేకలను ఎలా తోలాలో, వానాకాలంలో గేటు ఎలా బిగుసుకుంటుందో చెప్తూనే ఉన్నాడు. నేను రహమత్ నగర్ సందు మొగలో, ఇస్త్రీ బండి పక్కన నిలబడి, ఊఁ కొడుతూనే ఉన్నాను.

తర్వాత నాకు డైలాగులు దొరికాయి. ఇప్పుడు అత్తగార్ల గొంతు కావాలంటే నన్నే పిలుస్తున్నారు. ఈమధ్య అదే దారిలో మళ్ళీ రైళ్ళ ప్రదర్శన పెట్టారని తెలిసి వెళ్ళాను. ఆ దంపతులు రాలేదు. వాళ్ళ సంగతి తెలిసినవాళ్ళూ లేరు. ఎవరో కుర్రకారు చేసిన బల్ల మీద ఒక గేటు సగం దిగి ఆగిపోయి ఉంది. దాని ముందునుంచే రైలు వచ్చి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. తాడుకు ఇవతలే, చేతులు కట్టుకుని, బుద్ధిగా నిలబడ్డాను. రెండు ఫోటోలు తీసుకున్నాను. టైము చూసుకుని బయటికొచ్చి, డబ్బింగ్‌కు అయిదు నిమిషాల ముందే చేరాను. అందరూ నమస్కారం పెట్టారు. మైకు ముందు నిలబడ్డాక ఎందుకో నాలో నేనే నవ్వుకున్నాను. అంత సరిగ్గా సమయానికి వచ్చినందుకు కాస్త సిగ్గనిపించింది.