ఎడమవైపు వెనక చక్రం

నాకు డ్రైవింగ్ వచ్చింది నలభై రెండో ఏట. అప్పటికి నేను కె. కోటపాడు హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇల్లేమో అనకాపల్లిలో. బస్సుల్లో నిలబడి వెళ్ళొచ్చి నడుం పడిపోతూంటే, రెండు వేల నాలుగు ప్రాంతంలో ఒక పాత చిన్న కారు కొనుక్కున్నాం. మావారు రైల్వేలో పనిచేసేవారు. ఆయనకి కారు నడపడం రాదు, నేర్చుకుందామన్న సరదా కూడా లేదు. "నువ్వు నడుపు, నేను పక్కన కూచుంటాను" అనేవారు. ఆదివారం చర్చిలో ప్రార్థనకి అలాగే వెళ్ళేవాళ్ళం, మేం దాన్ని గుడనే అంటాం. నేను స్టీరింగ్ వైపు తలుపు తీసుకుని దిగితే గుడి మెట్ల మీదున్న ఆడవాళ్ళందరూ ఇటు చూసేవారు. అది నాకు చాలా బాగుండేది, దాచుకోవడం ఎందుకు.

ట్యాంకు నిండా పెట్రోలు పోయించిన ప్రతిసారీ మీటరు చూసి నోటుబుక్కులో రాసేదాన్ని. ఎవరూ రాయమనలేదు, లెక్కల టీచర్లకి అదో జబ్బు. మొదటి ఏడాది లీటరుకి పదహారు కిలోమీటర్లకి తగ్గలేదు. రెండో ఏడు వానాకాలంలో పద్నాలుగయింది. తర్వాత పన్నెండు. దసరా సెలవులయ్యేసరికి పదకొండు.

ఊరి చివర షెడ్డులో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళేను. ప్లగ్గులు మార్చేడు. ఎయిర్ ఫిల్టర్ దులిపేడు. కార్బురేటర్ విప్పి కడిగి బిగించేడు. నెల తిరిగింది, పదకొండు పదకొండే. మూడోసారి వెళ్ళినప్పుడు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అన్నాడు:

"బండిలో ఏటీ లేదు మేడమ్. మీరేటీ అనుకోకండి గానీ, ఆడోళ్ళు క్లచ్చి మీద కాలేసి నడుపుతారు. ఇంక మైలేజీ ఎక్కణ్ణించి వత్తది?"

బల్ల మీద టీ తాగుతున్న ఇద్దరు లారీ డ్రైవర్లు నవ్వేరు. నేను వెళ్ళి కారెక్కేను. కారు తిప్పుతూంటే వాళ్ళు నా కాళ్ళ వైపే చూస్తున్నట్టనిపించి, క్లచ్ సరిగ్గా వదల్లేక, ఆ రోజే మొదటిసారి షెడ్డు ముందు ఇంజను ఆగిపోయేట్టు చేసేను. వెనక మళ్ళీ నవ్వు.

ఇంటికొచ్చి మావారితో చెప్పేను. "ఏదో నోరు జారేడు, ఒగ్గీ, పట్టించుకోకు" అన్నారాయన.

ఒగ్గీలేదు. ఆ సాయంత్రం నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను. కాలు అదే, రోడ్డు అదే, నా ముందు నడిచే చెరకు బళ్ళు కూడా అవే. తప్పు నా కాలిదైతే మొదటి ఏడాది పదహారు ఎలా వచ్చింది? అంటే మధ్యలో ఏదో మారింది. మారింది నేను కాదు. అక్కడిదాకా వచ్చేను గానీ ఆ పైన దారి తెలియలేదు.

తెలిసింది ఒక బుధవారం, స్కూలు నించి వచ్చేక. మా గేటు ముందు రోడ్డు కాస్త ఏటవాలుగా ఉంటుంది. కారు దిగి గేటు తియ్యాలంటే హ్యాండ్ బ్రేకు లాగాల్సిందే, లేకపోతే బండి వెనక్కి జారిపోతుంది. ఆ రోజు ఆకలి మీద మర్చిపోయి దిగిపోయేను. గేటు తీసి వెనక్కి తిరిగేక గుర్తొచ్చి కారు వైపు పరిగెత్తేను. కారు ఉన్నచోటే ఉంది. గేరు లేదు, బ్రేకు లేదు, అయినా కదల్లేదు.

చక్రాల దగ్గర వంగి ఒక్కోదాన్నీ ముట్టుకు చూసేను. మూడు మామూలుగానే ఉన్నాయి. ఎడమవైపు వెనక చక్రం మీద చెయ్యి పెట్టి ఠక్కున తీసేసేను. కాలిన వాసన కూడా వస్తోంది. సీసాలో మిగిలిన నీళ్ళు పోస్తే చుయ్యిమంది.

"ఏవండీ, ఒకసారి రండి!" అని కేకేసేను. ఆయన లుంగీతోనే పరిగెత్తుకొచ్చి, చక్రాన్నీ నన్నూ చూసి, "దొరికిందేటి?" అన్నారు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి షెడ్డుకి వెళ్ళేను.

"ఎడమ పక్క వెనక చక్రానికి జాకీ పెట్టండి" అన్నాను.

"పంచరా మేడమ్?"

"ముందు ఎత్తండి."

ఎత్తేడు. చేత్తో తిప్పబోతే చక్రం తిరగలేదు. రెండు చేతులూ వేసి తిప్పితే మూలుగుతూ పావు వంతు తిరిగింది. అతను నా వైపు చూడకుండా చక్రం విప్పి, బ్రేకు డ్రమ్ము ఊడదీసేడు. హ్యాండ్ బ్రేకు తీగ తుప్పు పట్టి దాని గొట్టంలోనే ఇరుక్కుపోయి ఉంది. నేను లోపల లివర్ దించుతున్నా ఆ ఒక్క చక్రానికి బ్రేకు వదలడం లేదు. వానల్లో రోడ్డు మీద పారే నీళ్ళలోంచి ఎన్నిసార్లు దాటించేనో నాకు గుర్తొచ్చింది.

"ఇన్నాళ్ళూ బ్రేకు ఏసుకునే పరిగెత్తింది మేడమ్ పాపం" అన్నాడు. డ్రమ్ము కింద పెట్టి, "నేను సూడాల్సింది. సూళ్ళేదు" అన్నాడు. ఆ మాట అందరి ముందూ అన్నాడు. అందుకు అతనంటే నాకు గౌరవం పెరిగింది.

కొత్త తీగ వేసేక ట్యాంకు నింపి లెక్క చూసేను. పద్నాలుగున్నర! పదహారు మాత్రం రాలేదు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మరుసటి ఆదివారం మావారిని రోడ్డు చూడొద్దు, నా ఎడమ కాలే చూడమన్నాను. ఆయన బుద్ధిగా "పెట్టేవు", "తీసేవు", "మళ్ళీ పెట్టేవు" అని చెప్తూ కూర్చున్నారు. గుడికి చేరేలోగా పదకొండుసార్లు. రెండేళ్ళుగా చెరకు బళ్ళ వెనక మెల్లగా పోయి పోయి, నాకు తెలియకుండానే క్లచ్ మీద కాలు ఉంచడం అలవాటైపోయింది. మెకానిక్ పూర్తిగా అబద్ధమేం చెప్పలేదు. ఆ అలవాటు మానడానికి నెల పట్టింది. ఆ నెలాఖరుకి పదహారుకి కొంచెం పైనే వచ్చింది.

ఆ వేసవిలో ఆయిలు మార్పించడానికి షెడ్డుకి వెళ్తే, నక్కపల్లి నించి వచ్చిన ఒకాయన తన కారు పెట్రోలు తాగేస్తోందని మొత్తుకుంటున్నాడు. మెకానిక్ ఆయన మాట మధ్యలోనే ఆపి, "ముందు న్యూట్రల్‌లో ఎట్టి తొయ్యండి, బండి దానంతటది దొర్లాల. నాలుగు సక్రాలూ ముట్టుకు సూడండి. తర్వాతే ఇంజను ఇప్పుతాను. ఈ సంగతి నాకు ఆ టీచర్ గారు నేర్పేరు" అని నన్ను చూపించేడు.

నక్కపల్లి ఆయన నాకు నమస్కారం పెట్టేడు. నేను లేచి ఆయనతో పాటు ఆ కారు వెనక్కి వెళ్ళి, కొంగు నడుముకి దోపుకుని, తొయ్యడానికి చెయ్యి వేసేను.